నేల ఉమ్మడి, గోడ సొంతం

బరంపురంలో ఏసీలు బిగించడం, విప్పడం, కడగడం, గ్యాసు నింపడం, ఇదే నా ఉద్యోగం. ఇప్పుడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వవు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కనబడితే చాలు, ఒకే ప్రశ్న అడుగుతారు: "మావయ్యా, నీకు బాగా కష్టమనిపించిన కేసు ఏటి?" గోపాల్‌పూర్ ఒడ్డున ఉప్పుగాలికి రాగి గొట్టాలు పచ్చగా మారిపోయిన బంగళా కథేదో చెబుతానని వాళ్ల ఆశ. ఉప్పుగాలి పాపం తన పని తను చేసుకుపోతుంది, దానితో నాకు పేచీ లేదు. నన్ను విసిగించింది పాత వీధిలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో యంత్రాలకి ఏ జబ్బూ లేదు. జబ్బంతా కొన్నవాళ్లకీ అమ్మినవాళ్లకీ ఉంది.

మీరు ఫ్లాట్లలో పుట్టారు కాబట్టి ఆ ఇళ్ల సంగతి ముందు చెప్పాలి. ముందు తలుపు వీధిలోకి, వెనక తలుపు సందులోకి తెరుచుకుంటుంది. అటూ ఇటూ పొరుగువాళ్లతో కలిసిన గోడలు. అందుకని పక్కల కిటికీలు ఉండవు. గాలికీ వెలుగుకీ ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా ఒక మండువా. వీధి వైపు ఎత్తైన అరుగు, మావైపు పిండా అంటారు. సున్నం గోడలు, ఎత్తు కప్పు, పైన వెంటిలేటర్లు. వేడిగాలి మండువాలోంచి పైకి పోతే వీధిలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పంకాలు లేని రోజుల్లో కూడా మనుషులు వాటిలో తిని, నిద్రపోయి, పోట్లాడుకుని, హాయిగా ముసలివాళ్లయ్యారు.

తర్వాత మా షాపు యజమాని వచ్చాడు. ఆయన నోట్లో రోజంతా మెదిలే మాట అప్‌గ్రేడ్. పాత ఇల్లు కనబడితే చాలు, ఆయనకి జాలి పుట్టుకొచ్చేది. "ఇలాంటి ఇంట్లో ఎలాగున్నారండీ ఇన్నాళ్లు" అనేవాడు, ఉన్నవాళ్లు నిక్షేపంగా ఎదురుగా కూర్చుని ఉండగానే. వెంటిలేటర్లు మూయించేవాడు. ఎత్తు కప్పు కింద ఫాల్స్ సీలింగని తెల్లటి అబద్ధపు కప్పు వేయించేవాడు. గాలి దారులన్నీ మూసేశాక, గాలి లేదు కాబట్టి ఏసీ కావాలని చెప్పేవాడు. ఆయన్ని నేను తిట్టడం లేదు, ఆ తెలివి అందరికీ రాదు.

నేను చెప్పే ఇంటికి అన్నదమ్ములిద్దరు. పెద్దాయనకి పట్టుచీరల దుకాణం. చిన్నాయన రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు. ఆయన వేసిన రోడ్ల మీద నా స్కూటరు చాలాసార్లు బాధపడింది. తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నారు. మండువాకి ఎడం పక్క గదులు పెద్దాయనకి, కుడి పక్క గదులు చిన్నాయనకి. నడిమి మండువా, అందులో నుయ్యీ తులసికోటా, వీధి అరుగూ ఉమ్మడిగా మిగిలాయి. వాటి గురించి వీధి పెద్దలు కూర్చుని ఒక మాట అన్నారు: నేల ఉమ్మడి, గోడ సొంతం. ఉమ్మడి నేల మీద ఎవరూ ఏమీ కట్టకూడదు, ఏదీ శాశ్వతంగా పెట్టకూడదు. ఎవరి గోడకి వాళ్లు ఏదైనా తగిలించుకోవచ్చు. ఆ పెద్దల మనసులో ఉన్నది గొడుగులూ, బట్టలు ఆరేసే తాళ్లూ, దేవుడి పటాలూ. ముందు ముందు గోడలకి ఏం వేలాడబోతుందో వాళ్లకేం తెలుసు.

పంపకంలో మిగిలిపోయిన మనిషి ఒకావిడ ఉంది. ఆ అన్నదమ్ముల మేనత్త. చిన్నప్పుడే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి అక్కడే ఉండిపోయింది. మండువా చివర ఒక గది, బతికినన్నాళ్లు ఆవిడదన్నారు. ఆ గదికి ఉన్న ఒక్క తలుపూ మండువాలోకే. అన్నదమ్ములకి వీధి వైపు గదులైనా ఉన్నాయి. ఈవిడకి గాలి రావాలన్నా, వేడి పోవాలన్నా మండువాయే దిక్కు. అప్పడాలు చేసి అమ్ముకునేది. ఎవరి పొయ్యి మీదా ఆధారపడేది కాదు. వీధంతా ఆవిడని అప్పడాల అత్త అనే పిలిచేది, నేనూ అలాగే అలవాటు పడ్డాను.

మొదట ఏసీ పెట్టించింది చిన్నాయన. ఏసీకి లోపల ఒక పెట్టె, బయట ఒక పెట్టె ఉంటాయని మీకు తెలుసు. గదిలోంచి లాగిన వేడినంతా బయటి పెట్టె ఊదేస్తుంది. ఊదడానికి దానికి ఖాళీ జాగా కావాలి. వీధి వైపు పెడదామంటే ముఖద్వారం అందం పోతుందన్నాడు. వెనక సందులో రాగి గొట్టం కోసుకుపోతారన్నాడు. మేడ మీద పెడదామని నేనంటే, గొట్టం పొడుగవుతుంది, పని పెరుగుతుంది, సాయంత్రానికి బిగించేయండని మా యజమాని ఫోనులో కసిరాడు. చిన్నాయన చిటికెన వేలితో మండువా గోడ చూపించాడు. "అది నా గోడే. ఎవులూ అడగరు."

నాతో బిగింపు పనికి వచ్చే ఫిట్టరు ఒకడుండేవాడు. పొలసర నుంచి వచ్చిన ఒడియా మనిషి. తెలుగు తనకి వచ్చినంత మాట్లాడేవాడు, ఆ వచ్చినంతలోనే మాట సూటిగా తగిలేది. గోడకి మేకులు దిగ్గొడుతూ ఎదుటి గోడ వైపు చూసి, "మిస్త్రీ భాయి, రేపు అన్న కూడా అక్కడ పెడతాడు. రెండు మొహం మొహం పెట్టి ఊపిరి వదులుతాయి. అప్పుడు ఎవడి ఊపిరి ఎవడు పీలుస్తాడు?" అన్నాడు. నేను ఆ మాట యజమానికి చేరవేశాను. అన్న కూడా పెడతాడా అని ఆయన మొహం వెలిగిపోయింది. మిగతాది ఆయన చెవికెక్కలేదు.

అప్పడాల అత్త మాత్రం ఆ మొదటి వారం మురిసిపోయింది. తులసికోట పక్కన చాపలు పరిచి అప్పడాలు ఆరబెట్టుకునేది. బయటి పెట్టె ఊదే గాలి తిన్నగా ఆ చాపల మీదికే. నేను సర్వీసుకి వెళ్తే పిలిచి చెప్పింది.

"బావూ, నీ పెట్టి మంచిదేరా. మబ్బేసినా అప్పడాలు ఇట్టే ఆరిపోతన్నాయి. కరెంటు ఆలది, అప్పడాలు నావి."

నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఏసీ వల్ల బాగుపడిన మనిషి ఒక్కరైనా ఉన్నారనుకున్నాను. ఆ సంతోషం ఆవిడకి వేసవి దాకా కూడా నిలవలేదు.

తమ్ముడి పెట్టె ఊదే వేడి అన్న గదుల్లోకి వచ్చింది. తలుపు మూసుకోవచ్చు, వీధి వైపు గదిలో పడుకోవచ్చు, తమ్ముణ్ణి పిలిచి మాట్లాడవచ్చు. ఈ మూడోది వాళ్ల ఇంటా వంటా లేదు. పెద్దాయన ఏసీ పెట్టించాడు, తమ్ముడి దానికంటే పెద్దది, తమ్ముడి పెట్టెకి సరిగ్గా ఎదురుగా. అప్పుడు తమ్ముడి గది చల్లబడడం తగ్గింది. ఆయన ఇంకోటి పెట్టించాడు. దాంతో అన్న మరొకటి. ఒకరి యంత్రం వదిలిన వేడిగాలి ఇంకొకరి యంత్రం లోపలికి పీల్చుకుని, ఇంకాస్త వేడెక్కించి తిరిగి వదిలేది. మధ్యాహ్నం అయ్యేసరికి కంప్రెసర్లు తట్టుకోలేక వాటంతట అవే ఆగిపోయేవి. వాళ్లు మాకు ఫోను చేసేవారు. మా యజమాని ఇది తక్కువ టన్నుల వల్ల వచ్చిన చిక్కని చెప్పేవాడు. చివరికి ఆ మండువాలో ఆరు పెట్టెలు, గోడకి మూడు చొప్పున ఎదురెదురుగా నిలబడ్డాయి. వీధిలో అన్ని ఏసీలున్న ఇల్లు ఇంకోటి లేదని అన్నదమ్ములిద్దరూ వేరు వేరుగా గొప్పలు చెప్పుకున్నారు.

నేను ఇద్దరికీ చెప్పాను. పెట్టెలన్నీ మేడ మీదికి ఎత్తేస్తే అన్నీ సుఖంగా పనిచేస్తాయన్నాను.

"సిన్నోడే గదా మొదలెట్టినాడు. మొదలెట్టినోడే ముందు తియ్యాల" అన్నాడు పెద్దాయన.

"అన్నవి పెద్ద మిషన్లు. పెద్దవి ముందు తీస్తే నావి తీస్తాను" అన్నాడు చిన్నాయన.

ఆ వానాకాలం ఇంకో తెలివి పుట్టింది. వానలో మిషన్లు తడిసి పాడవుతాయని చిన్నాయన తన గోడ మీది నుంచి మండువా సగం దాకా ప్లాస్టిక్ రేకులు దించాడు. బయటి పెట్టె వానలో తడవడానికే తయారైన వస్తువని చెప్పి చూశాను. కొన్నవాడికి నాకంటే తన వస్తువు మీద ప్రేమ ఎక్కువ కదా. తమ్ముడు రేకులు వేశాడు కాబట్టి అన్నా వేశాడు. నేల ముట్టుకోలేదు, స్తంభం పాతలేదు, పెద్దల మాట ఎక్కడా తప్పలేదు. రెండు రేకుల నడుమ బెత్తెడు ఆకాశం మాత్రం మిగిలింది. వేడి పైకి పోయే ఒక్క దారినీ ఇలా బిగించేశారు. తులసి మొక్క ముందు వాడింది. ఇద్దరు కోడళ్లూ దాన్ని చూసి ఎదుటివాళ్ల దిష్టి అనుకున్నారు.

మరుసటి ఏడు ఎండలు ముదరకుండానే అప్పడాల అత్త నన్ను పిలిచి ఒక అప్పడం చేతిలో పెట్టింది. చుట్టూ అంచు చిట్లిపోయి ఉంది.

"సూడు. పైన బేగి ఆరిపోతన్నాది, లోపల తడి ఉండిపోతన్నాది. నూన్లో ఎయ్యగానే ముక్కలయిపోతన్నాయి. కొట్టువోడు ఒద్దనీసినాడు. తలుపు తీస్తే ఏడి, మూసుకుంటే ఉక్క. నానెటు ఎల్లాల బావూ?"

అప్పడం నీడలో నిదానంగా ఆరి, ఆఖర్న కాస్త ఎండ చూడాలట. ఆ ఇంట్లో నీడ కూడా మాడ్చేస్తోంది. మీ మేనల్లుళ్లకి చెప్పరాదా అన్నాను. "సెప్పేను. పెద్దోడు సిన్నోడికి సెప్పమన్నాడు, సిన్నోడు పెద్దోడికి సెప్పమన్నాడు" అంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని షాపుకి మోసుకెళ్లి యజమాని ముందు పెట్టాను. "కస్టమరు అడిగినాడా, మనం పెట్టినామా, అంతే. అప్పడాలు మన డిపార్టుమెంటు కాదు" అన్నాడాయన.

ఇంతలో ఠాకురాణి యాత్ర దగ్గరపడింది. మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. రెండేళ్లకోసారి అమ్మవారిని గుడి నుంచి పుట్టింటికి తెచ్చుకుంటాం. ఆడపడుచు పుట్టింట్లో ఉన్న ఆ రోజులన్నీ ఊరంతా పండగే. సాయంత్రాలు ఘటాలు వీధి వీధీ తిరుగుతాయి. ఇచ్ఛాపురం నుంచి, సూరత్ నుంచి చుట్టాలు దిగుతారు. వీధి చివర పందిరి గుంజలు పాతుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్దాయన దగ్గర్నుంచి మాకు పిలుపు వచ్చింది. చుట్టాలొచ్చే వేళకి మిషన్లు ఆగిపోతున్నాయి, ఏదో ఒకటి చేయమని.

ఫిట్టరూ నేనూ వెళ్లేసరికి కరెంటు లేదు. మండువా గుమ్మంలోనే వేడి మొహానికి కొట్టింది. అప్పడాల అత్త చాపల దగ్గర కూర్చుని చిట్లినవీ మంచివీ వేరు చేసుకుంటోంది. నేను నిచ్చెన ఎక్కి పెట్టె మూత విప్పబోతుంటే కరెంటు వచ్చింది. ఆరు పెట్టెలూ ఒక్కసారే మొదలయ్యాయి. రేకుల కింద గాలి కాలిపోయింది. నిచ్చెన మీద నాకే కళ్లు తిరిగాయి. దిగుతూ చూస్తే ఆవిడ లేచి నిలబడి, చాప ఎత్తబోయి, చేతులాడక అలాగే చూస్తోంది.

"నుయ్యి ఏదిరా? నుయ్యి ఇక్కడే ఉండాల" అంది. నుయ్యి ఆవిడ పక్కనే ఉంది. ఆ మాట అంటూనే తులసికోట పక్కన పడిపోయింది.

ఒళ్లు పొయ్యి మీది పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. ఫిట్టరు ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. నేను నడవాలో ఉన్న రెండు మెయిన్లూ కట్టేశాను. అన్ని పెట్టెలూ ఆగిపోయాక ఆ మండువా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మొదటిసారి విన్నాను. వీధి అరుగు మీద పడుకోబెట్టాం. అక్కడ గాలి ఉంది. నూతి నీళ్లతో తువ్వాలు తడిపి మెడకీ చంకల్లోనూ వేశాం. కోడళ్లిద్దరూ వచ్చి చెరో వైపు విసిరారు. వాళ్లని ఎందుకు అనాలి, ఆ ఒక్కపూట బాగానే విసిరారు.

అన్నదమ్ములు అప్పుడు బయటికి వచ్చారు.

"ఏటైనాది? ఏ పక్క పడినాది?" అన్నాడు పెద్దాయన.

"తులసికోట దగ్గర" అన్నాను.

"అది ఉమ్మడి గదా" అన్నాడు చిన్నాయన, ఊపిరి పీల్చుకుంటూ.

ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లాలన్నది ప్రశ్న. పెద్దాయనకి దుకాణంలో గిరాకీ ఉంది. చిన్నాయనకి సైటులో తారు ఉడుకుతోంది. ఎవరి భాగంలోనైనా పడి ఉంటే ఆవిడ అదృష్టం బాగుండేది. ఉమ్మడి నేల మీద పడింది కాబట్టి ఆవిణ్ణి ఎత్తే బాధ్యత కూడా ఉమ్మడిదై, ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. ఫిట్టరు ఒడియాలో ఒక మాట అన్నాడు, అది నేను ఇక్కడ రాయను. నేనూ వాడూ ఆటోలో వేసుకుని వీధి మలుపులోని క్లినిక్కుకి తీసుకెళ్లాం. ఆటో కదులుతుంటే వెనకనుంచి చిన్నాయన గొంతు వినబడింది. "మెయిను ఎవులు కట్టేసినారు? లోపల పిల్లలు ఉక్కకి సచ్చిపోతన్నారు."

డాక్టరు సెలైను పెట్టి, వేడి దెబ్బ తగిలిందన్నాడు. ఈవిడ ఎండలో ఎక్కడ తిరిగిందని అడిగాడు.

"ఎండలో కాదు. ఇంట్లో" అన్నాను.

"ఇంట్లో ఏసీ లేదా?"

"ఆరు ఉన్నాయి, ఆగ్యా" అన్నాడు మా ఫిట్టరు, ఒడియా మర్యాదతో.

డాక్టరు వాడి మొహం చూశాడు, వేళాకోళమేమోనని. పొద్దు వాలాక ఆవిడకి బాగా తెలివి వచ్చింది. చాప ఎవరైనా ఎత్తారా అని అడిగింది. అప్పడాల సంగతి నాకు తెలియదన్నాను.

రెండు రోజులకి మా షాపులో వింత జరిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకే కారులో దిగారు. పంపకాల తర్వాత వాళ్లు కలిసి చేసిన మొదటి పని అదేనట. అత్త గదికి కూడా ఒక ఏసీ పెట్టించేద్దామని ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. చుట్టాలు అడిగితే చెప్పుకోవడానికి బాగుంటుంది. మా యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చాలా మంచి ఆలోచన, పెద్దవాళ్లని ఇలాగే చూసుకోవాలన్నాడు.

"బయటి పెట్టె ఎక్కడ పెట్టాలి?" అని అడిగాను.

"అత్త గోడకి. అది ఆవిడదే గదా" అన్నాడు పెద్దాయన. అత్త గోడ అంటే మండువాలో మిగిలిన ఖాళీ గోడ. వేడికి పడిపోయిన మనిషికి మందుగా అదే మండువాలోకి ఏడో పెట్టె. అన్నీ అర్థమయ్యే వయసున్న ముగ్గురు మగవాళ్లు నా ఎదురుగా ఉండి ఇది మేలు అనుకుంటున్నారు. నాకు తిట్టాలనిపించింది. తిడితే అర్థమవుతుందన్న నమ్మకం లేదు.

పెట్టె తీసుకుని నేనే వెళ్లాను. లోపలికి పోనక్కర్లేకపోయింది. అప్పడాల అత్త వీధి అరుగు మీద నులక మంచం వేసుకుని కూర్చుని ఉంది. పక్కన పీట, కర్ర, పిండి ముద్ద. క్లినిక్కు నుంచి వచ్చాక లోపల కాలు పెట్టలేదట. స్నానానికి పొరుగింటి పెరట్లోకి వెళ్తోంది. వీధిలో పోయే ప్రతివాళ్లూ ఆగి పలకరిస్తున్నారు.

"అత్తా, నీకు ఏసీ తెచ్చేను. గదిలో ఎక్కడ పెట్టాలో సెప్పు" అన్నాను.

"ఆ గదిలో నానే లేను. నాను లేని కాడ దానికేటి పని?" అంటూ అప్పడం ఒత్తుతూనే ఉంది. "నాను లోనికెల్లను బావూ. మరి అది నా గది కాదు, ఆల పొయ్యి."

పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. వీధిలో మనుషులున్నారని గొంతు తగ్గించి, పెద్దల మాట బయటికి తీశాడు. "అత్తా, అరుగు ఉమ్మడి. సాశ్వతంగా ఏదీ ఎయ్యకూడదని ఆ దినాన సెప్పినారు. మంచం తీసీ."

ఆవిడ తల ఎత్తింది. "నాను సాశ్వతమేటిరా? నాను పోయినాక తీసీయండి మంచం."

ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకడు, ఆ పంపకానికి కూర్చున్న పెద్దల్లో మిగిలినవాడు, గట్టిగా నవ్వాడు. పెద్దాయన లోపలికి పోయాడు. నేను ఏడో పెట్టెని తెచ్చిన ఆటోలోనే వెనక్కి పంపేశాను. యజమాని ఆ రోజు నన్ను చాలా అన్నాడు. అన్నీ విన్నాను, ఒక్కటీ పట్టించుకోలేదు.

యాత్ర మొదలయ్యేలోపు ఆ మంచం అన్నదమ్ములకి నిద్ర లేకుండా చేసింది. లోపల మనిషి వేడికి పడిపోతే అది ఇంటి విషయం. వీధి అరుగు మీద కనబడితే పరువు విషయం. పెద్దాయన వియ్యపురాలు ఫోను చేసి అడిగిందట. దుకాణానికి చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు అడిగారట. ఆడపడుచు పుట్టింటికి రావాలని ఊరంతా తోరణాలు కడుతుంటే, వీళ్ల ఇంటి ఆడపడుచు వీధిలో పడుకుంటోంది. ఈ సంగతి వీళ్లకి తట్టిందో లేదో గానీ, తమని చూస్తున్నవాళ్లకి తట్టిందని మాత్రం తెలిసింది. చివరికి చిన్నాయన నన్నే పట్టుకున్నాడు. నీ మాట వింటాది, లోనికి రమ్మని సెప్పు అన్నాడు.

వెళ్లి అడిగాను. "రేకులు తీయమను. గోడల మీద పెట్టిలు తీయమను. అప్పుడు సూస్తాను" అంది.

అన్నదమ్ములు ఒప్పుకున్నారు. ముందు ఎవరిది తీయాలన్న దగ్గర మళ్లీ ఆగారు. ఒక పూటంతా దానికే పోయింది. నాకు విసుగు పుట్టి నేనే దారి చెప్పాను. ఒకే క్షణంలో రెండు పక్కలా విప్పేద్దామన్నాను. నవ్వకండి, అలాగే జరిగింది. ఎడం గోడకి నేను నిచ్చెన వేశాను, కుడి గోడకి ఫిట్టరు. కింద నా దగ్గర చిన్నాయన, వాడి దగ్గర పెద్దాయన, ఎవరి శత్రువుకి వాళ్లు కాపలా. నేను ఊఁ అనగానే ఇద్దరం మొదటి బోల్టు తిప్పాం. నాది తుప్పుపట్టి కదల్లేదు. ఫిట్టరు బోల్టు ఊడిపోతుంటే చిన్నాయన కేక వేసి వాణ్ణి ఆపించాడు. నా బోల్టుకి నూనె పోసి అది కదిలేదాకా ఫిట్టరు నిచ్చెన మీద బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. సంధికి సంతకాలు పెట్టే రాజులకి కూడా అంత మర్యాద జరిగి ఉండదు.

పెట్టెలన్నీ మేడ మీదికి ఎక్కాయి. పెద్దాయన వైపు కప్పు పెంకులది కాబట్టి ఆ పక్క మందపాటి గోడ మీద ఇనప స్టాండు వేశాం. గొట్టం పొడుగైంది, పని పెరిగింది, మొదటి రోజు చెప్పినప్పుడు పెరగవలసినంతే. రేకులు విప్పగానే మండువాలో ఎండ పడింది. సాయంత్రానికి వీధి అరుగు మీంచి లోపలికి గాలి వీచింది. నూతి మీద గొలుసు దానంతటదే ఊగింది. ఏసీలు ఆ వేసవిలో మళ్లీ ఆగలేదు. మా యజమాని ఆ ఇంటిని కొత్త కస్టమర్లకి చూపించి, ఇదీ మా అప్‌గ్రేడ్ అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

అన్నదమ్ములు కలిసి అరుగు మీదికి వెళ్లారు. అన్నీ తీసేశాం, లోనికి రా అత్తా అన్నారు. ఆవిడ లేచి, చీర దులుపుకుని, గుమ్మం దాటి మండువా దాకా నడిచింది. తల ఎత్తి ఆకాశం చూసింది. తులసి దగ్గర చెంబుడు నీళ్లు పోసింది. తన గది తలుపు తోసి లోపలికి ఒకసారి చూసింది. తిరిగి వచ్చి మంచం మీద కూర్చుని కర్ర అందుకుంది.

"సూసేను. బాగున్నాది. మీరుండండి" అంది.

యాత్ర రోజుల్లో ఒక సాయంత్రం నేను ఆ వీధిలోనే ఉన్నాను. ఘటాలు వచ్చాయి. బాజాలు ఆగాయి. ఆడవాళ్లందరూ ముందు అరుగు మీది ఆవిణ్ణి పలకరించి, ఆ తర్వాత గుమ్మం వైపు చూశారు. చాప నిండా అప్పడాలు, ఒక్కటీ చిట్లలేదు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన చుట్టాలు, సూరత్ నుంచి వచ్చిన చుట్టాలు, వియ్యపురాలు, ఒకరి తర్వాత ఒకరు అన్నదమ్ముల్ని పక్కకి పిలిచి అడిగారు, అత్త ఎందుకు బయటుందని.

"ఆవిడకి ఇక్కడ గాలి బాగుందట" అన్నాడు పెద్దాయన.

"మేం రమ్మన్నాం. ఆవిడే రానన్నాది" అన్నాడు చిన్నాయన.

రెండూ నిజాలే. ఆ ఇద్దరూ కలిసి ఒకే నిజం చెప్పడం నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు. ఒక్కరూ నమ్మలేదు. అందరూ తల ఊపి, మంచం వైపు ఒకసారి చూసి, పెదవి విరిచి పోయారు. నేను అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. నన్ను అడిగి ఉంటే వాళ్లు చెప్పింది నిజమేనని సాక్ష్యం చెప్పేవాణ్ణి. నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు.